ముందు ఎవరిది ఆడించారు?

మా ఊరు ప్రత్తిపాడులో కారం మర దగ్గరికి ఎవరు వచ్చినా, నెత్తి మీది సంచి కిందికి దించకముందే ఒక మాట అడుగుతారు. "ముందు ఎవరిది ఆడించారు?" బాగున్నారా, తిన్నారా అనేవన్నీ ఆ తర్వాతే. మర కడుపులో ముందువాళ్ళ కారం కొంత మిగిలిపోతుంది, అది వెనక వచ్చినవాళ్ళ డబ్బాలోకి చేరుతుంది. ముందు ఆడించినవి తేజ కాయలైతే వెనకవాళ్ళ చప్ప కారానికి కూడా చురుకెక్కుతుంది. ముందామె కాయలు సరిగ్గా ఎండబెట్టకుండా తెస్తే ఆ ముక్కవాసన వెనకామె కూరలకి ఏడాదంతా తగులుతుంది. మాకున్నది ఒకటే మర కాబట్టి పసుపు కొమ్ములు తెచ్చినవాళ్ళు మరీ జాగ్రత్తపడేవాళ్ళు. కారం కలిసిన పసుపు ఒంటికి రాస్తే ఎలా ఉంటుందో మా వీధిలో ఒక పెళ్ళికూతురిని అడిగితే చెబుతుంది.

అందుకే మా అమ్మ ఒకరి సంచికీ ఇంకొకరి సంచికీ మధ్య గుప్పెడు నూకలు పోసి మర తిప్పేది. "నోరు కడగడం" అనేది దాన్ని. ఆ ఎర్రటి నూకపిండి మా కోళ్ళకి పడేది. కోళ్ళకి కారం మంట తెలియదన్న సంగతి నేను పుస్తకాల్లో చదవకముందే మా పెరట్లో చూశాను. ఎంత కడిగినా, అడిగేవాళ్ళు అడగడం మానలేదు. ముందు ఆడించినామె ఇంకా అక్కడే ఉంటే వెనకామె నేరుగా వెళ్ళి ఆమె డబ్బాలోంచి చిటికెడు కారం తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, అప్పుడు తన సంచి మూతి విప్పేది. ఇది మా ఊళ్ళో మర్యాద తక్కువ పని కాదు. చూడనిచ్చినామె కూడా మొహం మాడ్చుకునేది కాదు.

నేను చిలకలూరిపేటలో ఒక బడిలో తెలుగు చెబుతాను. పిల్లల కోసం కథలు రాస్తాను. నా కథల్లో సగానికి సగం మరమనుషులవి. ఊళ్ళో ఇన్ని బతుకులుండగా నీకు ఆ ఇనప బొమ్మల గోల ఎందుకని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి వాళ్ళకి సరిగ్గా జవాబు చెప్పింది ఎప్పుడూ లేదు. ఇప్పుడు చెబుతున్నాను, నిదానంగానే.

మేం ముస్లింలం. మా ఇంట్లో మొదట్నుంచీ మాట్లాడేది తెలుగే. మర నాన్నది. శుక్రవారం పొద్దున నాన్న మరకి సాంబ్రాణి వేసేవాడు. దసరాకి వీధిలోవాళ్ళు తమంతట తామే వచ్చి దానికి బొట్టు పెట్టి పూలు పెట్టి వెళ్ళేవాళ్ళు. రెండూ దానికి పడ్డాయి, ఏ రోజూ మొరాయించలేదు. సాయంత్రం మోటారు ఆపాక నాన్న దాన్ని గుడ్డతో తుడిచేవాడు, అమ్మ పాత చీర కప్పేది. మంచు పడకుండా పిల్లాడికి దుప్పటి సర్దినట్టు నాలుగు మూలలా లాగి మరీ కప్పేది.

ఆ తర్వాత అమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల ముచ్చికలు తీసేది. ఎండు కాయకి ఉండే ఆ తొడిమని గోటితో గిల్లి పారెయ్యాలి, లేకపోతే కారం రంగు చెడుతుంది. చేతులు మండే పని, విసుగు పుట్టే పని. ఆ విసుగు పోవడానికి నన్ను చదవమనేది. బడి గ్రంథాలయంలో నాకు దొరికినవి ఇనప మనుషుల కథలే. అన్నిటికీ ఒకటే దారి. ఒక తెలివైన శాస్త్రవేత్త మరమనిషిని చేస్తాడు. వాడు మొదట చెప్పిన పనల్లా చేస్తాడు. ఊరంతా వింతగా వచ్చి చూస్తుంది. చివరికి వాడు ఎదురు తిరుగుతాడు. నేను ఊపిరి బిగబట్టి చదువుతుంటే అమ్మ మధ్యలో ఆపేది.

"దాన్ని చేసినాయన రోజూ తుడిచేవాడా?"

"అది రాయలేదమ్మా."

"రాత్రిళ్ళు గుడ్డన్నా కప్పేవాడా?"

"అదీ రాయలేదు."

"మరింకేం. ఎదురు తిరక్క ఏం చేస్తది? తర్వాత చదువు."

మరమనుషుల గురించి ఆ తర్వాత నేను పెద్ద పెద్ద వ్యాసాలు చదివాను. ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న వాటిల్లో నాకు దొరకలేదు.

తొమ్మిదో తరగతిలో అనుకుంటాను, నా మొదటి కథ ఒక పిల్లల పత్రికలో అచ్చయింది. పేరు "మరమనిషి". ఇనుముతో చేసిన మనిషి ఒక జమీందారు ఇంట్లో పనికి కుదిరి, చివరికి ఆ జమీందారునే గదిలోకి నెట్టి తాళం వేస్తాడు. అమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. పత్రిక చేతికి రాగానే పేరు వరకు చదివింది. మర... మనిషి. మా ఊళ్ళో మర మనిషంటే ఒక్కడే, మా నాన్న. "మర మనిషి ఉన్నాడా, అన్నానికి పోయాడా?" అన్న మాట రోజూ మా గుమ్మంలో వినపడేదే. కూతురు తండ్రి మీద కథ రాసి అచ్చు వేయించిందని అమ్మ కళ్ళు తుడుచుకుంది. పత్రిక పట్టుకుని మర దగ్గరికి పరిగెత్తి వరసలో ఉన్న ఆడవాళ్ళందరికీ చూపించింది. నాన్న మోటారు ఆపేశాడు. ఎండాకాలంలో, అంత వరస ఉండగా మోటారు ఆపడమంటే మాటలు కాదు.

"చదువమ్మా. అందరూ వింటారు" అన్నాడు.

కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చదివాను. "అలుపన్నది లేకుండా పనిచేసేవాడు" అన్నచోట అందరూ నాన్న వైపు చూసి తలలూపారు. "ఎంత తిట్టినా మారు మాట్లాడేవాడు కాదు" అన్నచోట అమ్మ ముసిముసిగా నవ్వింది. "వాడి కళ్ళు ఎర్రగా వెలిగేవి" అన్నచోట కూడా ఎవరికీ అనుమానం రాలేదు. కారం మర ఆడించేవాడి కళ్ళు ఎర్రగా కాక ఇంకెలా ఉంటాయి? తీరా వాడు యజమానిని గదిలో వేసి తాళం పెట్టేసరికి వరసంతా బిగుసుకుపోయింది. ఒక ముసలామె తన సంచిని దగ్గరికి లాక్కుంది.

"ఏమయ్యో, మమ్మల్ని కూడా లోపలేసి తాళం పెట్టవుగా?" అంది ఇంకొకామె.

నాన్న పడీ పడీ నవ్వాడు. "తాళంచెవి మా ఆవిడ కొంగున ఉంటదమ్మా. మీకేం భయం లేదు, పొయ్యండి కాయలు" అన్నాడు.

అమ్మకి అసలు సంగతి నేను సాయంత్రం చెప్పాను. ఇనప మనిషిని మన తెలుగులో మరమనిషి అంటారనీ, ఈ కథ నాన్నది కాదనీ. అమ్మ కాసేపు ముచ్చికలు తీసి, "కానీలే, మీ నాన్నకీ పేరొచ్చింది" అంది. ఆ రోజు నాన్న కసురుకున్నా, అమ్మ చిన్నబుచ్చుకున్నా నేను రెండో కథ రాసేదాన్ని కాదు. వాళ్ళిద్దరూ నవ్వారు. నేను రాసిన ప్రతి పుస్తకం ఆ నవ్వుకి రుణపడి ఉంది.

ఆ తర్వాత చాలా రాశాను. బట్టలుతికే మరమనిషి, పాఠం చెప్పే మరమనిషి, కాపలా కాసే మరమనిషి. మిరపచేలల్లో ఎండకి మాడిపోతూ కాయలు కోసే ఆడవాళ్ళు, "కాయలు కోసేవాణ్ణి ఒకణ్ణి రాయవే అమ్మాయ్, మాకు నడుములు పడిపోతన్నయ్" అంటే వాళ్ళ కోసం ఒకణ్ణి రాశాను. వాణ్ణి కూడా చివర్లో ఎదురు తిప్పాను. అలా తిప్పకపోతే కథ కథలా ఉండేది కాదు. పిల్లలకి కూడా అదే కావాలి. మంచి మరమనిషి గురించి చెబితే ఆవలిస్తారు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి అనగానే ఒకరి మీదకి ఒకరు జరుగుతారు.

మరమనుషులంటే ఈ ముచ్చట ఏమిటో, ఈ భయం ఏమిటో అని నేను చాలాసార్లు ఆలోచించాను. ముచ్చట ఎందుకో మా మిరపచేలో ఒక పూట వంగితే తెలుస్తుంది. అలిసిపోని చెయ్యి కావాలని ఎవరికి ఉండదు? భయం మాత్రం చాకిరీ చేయించుకునేవాడిది. కూలి మనిషికి తనెప్పుడైనా మంచినీళ్ళు ఇచ్చాడో లేదో లోపల ఎక్కడో గుర్తుంటుంది కాబట్టి, ఇనప మనిషి కూడా లెక్క అడుగుతాడేమోనని జంకు. ఇక మా ఊరివాళ్ళ సంగతైతే, వింతయినా భయమైనా ఒక పంట వరకే. పత్తిచేల మీద మందు కొట్టే డ్రోను మొదటిసారి వచ్చినప్పుడు ఊరు ఊరంతా గట్టు మీద చేరింది, ముసలివాళ్ళు పిల్లల్ని వెనక్కి లాగారు. తర్వాతి పంటకి అదే డ్రోను పొద్దెక్కాక వచ్చిందని దాన్ని తెచ్చినవాణ్ణి తిట్టిపోశారు.

నాన్న పోయాక మర అమ్మది అయింది. "మర మనిషి ఉన్నాడా" అని అడిగేవాళ్ళు "మర పిన్ని ఉందా" అని అడగడం మొదలుపెట్టారు. కాయలు పోసే తొట్టి ఎత్తులో ఉంటుంది. దాని ముందు రెండు మెట్ల సిమెంటు దిమ్మె ఉంది. కుడికాలు పైకి వేసి, సంచి ఎత్తి, తొట్టిలో వంచి, మళ్ళీ దిగాలి. అమ్మ ఇన్నేళ్ళూ ఎప్పుడూ కుడికాలే ముందు వేసింది. ఆ కుడి మోకాలే అరిగింది. ముందు నమాజు కుర్చీలోకి మారింది. తర్వాత గోడ పట్టుకుని నడవడం వచ్చింది. పోయినేడు ఎండాకాలం మొదట్లో మొదటి సంచి ఎత్తబోయి దిమ్మె మీద అలాగే కూలబడింది. ఆ రోజు మర ఆపి చీర కప్పింది, మళ్ళీ తీయలేదు.

గుంటూరులో ఎముకల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గేటు దగ్గరే పెద్ద ఫ్లెక్సీ. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, నీలం కళ్ళు, మెడలో స్టెతస్కోపు వేసుకుని చేతులు చాపిన రోబో బొమ్మ. అమ్మ నా భుజం పట్టుకుని ఆగిపోయింది.

"ఏందే ఇది?"

తెలుగు పంతులమ్మని కదా, నోరు ఊరుకోలేదు. "మరమనిషి అమ్మా. మోకాలి ఆపరేషన్ దీంతో చేస్తారంట" అన్నాను.

ఈసారి మరమనిషంటే నాన్న అని అమ్మ అనుకోలేదు. ఆ నీలం కళ్ళ వైపు చూసి పైట సర్దుకుంది.

డాక్టరు చిన్నవాడే, ఓపిక ఉన్నవాడు. మోకాల్లో గుజ్జు పూర్తిగా అరిగిందనీ, కాలు పక్కకి వంగిపోయిందనీ, ఇలాగే వదిలేస్తే మంచం పట్టే రోజు దూరంలో లేదనీ చెప్పాడు. చేతితోనూ చేయగలననీ, ఇంత వంకర పోయిన కాలికి రోబో ఉంటే కోత గీత గీసినట్టు వస్తుందనీ చెప్పాడు. అమ్మ అన్నీ విని, "నాకొద్దు బాబూ" అని లేచింది.

బస్సులో నా కోపం నషాళానికి అంటింది. "ఎందుకొద్దు?" అన్నాను.

"నువ్వు రాసినవాటిల్లో ఒక్కడన్నా చివరిదాకా మంచోడున్నాడా?"

"అవి కథలమ్మా."

"కథలు రాసేదానివి నీకే వాళ్ళ మీద నమ్మకం లేదు. నన్ను పోయి కాలు వాడి చేతిలో పెట్టమంటావా?"

ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. నేను కిటికీ వైపు తిరిగాను. అమ్మ అరుగు మీద కూర్చుని నా కథలన్నీ విన్న మనిషి. ఒక్కటి కూడా మరిచిపోలేదు. తాళం వేసినవాడు, తోటమాలి గొంతు పట్టుకున్నవాడు, పిల్లల్ని బడిలోంచి బయటికి పంపనివాడు, అందరూ అమ్మకి గుర్తున్నారు. నా పుస్తకాలకి వచ్చిన ఏ సమీక్షా వాటిని అంత శ్రద్ధగా పట్టించుకోలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

ఆ ఎండాకాలమంతా మర మూతపడే ఉంది. మా వీధిలోవాళ్ళు సంచులు ఆటోలో వేసుకుని పక్క ఊరి మరకి వెళ్ళేవాళ్ళు. అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆ ఆటోలు వెళ్ళడం చూసేది. కొందరు ఆపి, "నువ్వు లేచి తిరిగితే మాకీ తిప్పలు ఉండవు పిన్నీ" అనేవాళ్ళు. అమ్మ నవ్వేది. ఆటో మలుపు తిరిగాక మోకాలు రుద్దుకునేది. నేను ఆదివారం ఆదివారం చిలకలూరిపేట నుంచి వచ్చి పోట్లాడేదాన్ని. రోబో అంటే ఏమిటో, దాని చెయ్యి ఎలా ఉంటుందో సెల్లులో వీడియోలు చూపించాను. అమ్మ ఒక కంటితో చూసి, "వీడియోలో అందరూ బాగానే ఉంటారు" అనేది. బతిమాలాను, అరిచాను, ఒక వారం రానేలేదు. దేనికీ కదల్లేదు.

పత్తి తీతలు మొదలై హైవే మీద లారీలు తెల్లగా కదిలే రోజుల్లో, ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి అమ్మ మంచం మీదే ఉంది. పొద్దుట్నుంచి లేవలేకపోయింది. పొరుగామె వచ్చి టీ పెట్టిచ్చిందట. నేనేమీ అనకముందే అమ్మ అంది.

"ఆ డాక్టరుని అడగాల్సింది ఒకటుంది. అడిగొద్దాం పద. నచ్చితే చేయించుకుంటా, లేకపోతే ఇంక ఈ ఊసెత్తమాక."

మళ్ళీ అదే ఫ్లెక్సీ, అవే నీలం కళ్ళు. అమ్మ దాని వైపు చూడకుండా లోపలికి నడిచింది, నడిచింది అనడం కంటే నా మీద వేలాడింది అనడం నిజం. డాక్టరు ఎదురుగా కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగేసింది.

"బాబూ, ముందు ఎవరిది ఆడించారు?"

డాక్టరు నా వైపు చూశాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "అంటే... మాకు కారం మర ఉందండి" అని మొదలుపెట్టాను. నేను పూర్తి చేయకముందే ఆయన మొహం విప్పారింది.

"మా అమ్మ కూడా మరకి వెళ్తే ముందు ఇదే అడుగుతుందండి" అన్నాడు. అమ్మ వైపు తిరిగి నిదానంగా చెప్పాడు. "మొన్న ఒకామెకి చేశాను పిన్నిగారూ. కనిగిరి వైపు ఆమె. పైనే ఉంది. ఆమె సరేనంటే మీరు వెళ్ళి చూడొచ్చు."

"చూస్తా" అంది అమ్మ.

నర్సు పైకి వెళ్ళి అడిగి వచ్చింది. రమ్మన్నారట. పొడవుగా, ఎండకి నల్లబడిన మనిషి, వాకరు పట్టుకుని వరండాలో నిలబడి ఉంది ఆ కనిగిరామె. కంది, పొగాకు వేసే మెట్ట రైతు ఇల్లట. అమ్మ పలకరింపులేవీ లేకుండా ముందు ఆమె కాళ్ళ వైపు చూసింది.

"నీది ఏ కాలు?"

"ఎడమది. నీదేది వదినా?"

"కుడిది. నొప్పి లేదా?"

"ఎందుకు లేదు? చంపేస్తాండాది. నొప్పి లేదని ఎవురన్నా చెబితే నమ్మబాకు. ఆపరేషన్ అయిన నాడు రాత్రి మా ఆయన్ని తిట్టని తిట్టు లేదు."

ఇంకేముంది, అమ్మ వెనక్కి తిరుగుతుంది అనుకున్నాను. అమ్మ ఇంకొంచెం ముందుకి జరిగింది.

"మరమనిషి ఏమన్నా చేశాడా నిన్ను?"

"యాడ మరమనిషి? గేటు కాడ బొమ్మ చూసి నేనూ భయపడ్డా. లోపల అట్టాంటిదేం లేదు. డాక్టరు బాబే ఉండాడు. నాకు మత్తుగా ఉన్నా ఆయన మాట ఇనపడతానే ఉండాది."

"ఏదీ, ఒకసారి నడువు."

ఆ మాట మరొకరు అంటే పెడసరంగా ఉండేది. కనిగిరామె ఏమీ అనుకోలేదు. పళ్ళ బిగువున వాకరు ముందుకి జరిపి, వరండా చివర కిటికీ దాకా నడిచి, తిరిగి వచ్చింది. అమ్మ వంగలేక వంగి, ఆమె చీర అంచు దగ్గర చీలమండ మీద రెండు వేళ్ళు పెట్టి చూసింది. కాలు నిటారుగా ఉంది. చిటికెడు కారం తీసి వేళ్ళ మధ్య నలిపేటప్పుడు మర దగ్గర ఆడవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో, అప్పుడు అమ్మ మొహం అలా ఉంది.

"బాగానే వచ్చింది" అంది నాతో. ఇన్ని నెలల నా వాదనలూ, వీడియోలూ, కోపాలూ చేయలేని పని ఒక పరాయి ఊరి మనిషి కిటికీ దాకా నడిచి చేసింది. ఆమె పేరు కూడా నేను అడగలేదు. నొప్పి ఉందని నిజం చెప్పినందుకు ఆమెకి నేను ఎన్నటికీ కృతజ్ఞురాలిని. లేదని చెప్పి ఉంటే అమ్మ నమ్మేది కాదు.

ఆపరేషన్ రోజు అమ్మని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. అప్పుడు భయపడింది నేను. ఇన్నాళ్ళూ అమ్మ పిరికితనాన్ని కసిరినదాన్ని, తలుపు బయట బల్ల మీద కూర్చుండిపోయాను. నేను పుట్టించిన మరమనుషులందరూ ఆ నడవాలో బారులు తీరారు. వాళ్ళ చేతుల్లోకి ఇవాళ మా అమ్మ కాలు వెళ్ళింది. నాకు వచ్చిన దువాలన్నీ చదువుకున్నాను. మధ్యలో, ఈ గండం గడిస్తే ఒక్కణ్ణయినా చివరిదాకా మంచివాడిగా ఉంచుతానని కూడా మొక్కుకున్నాను. దేవుడి దగ్గర రచయితలు ఇలాంటి మొక్కులు మొక్కుతారని నాకు అంతకుముందు తెలియదు.

డాక్టరు బయటికి వచ్చి, "కాలు చక్కగా వచ్చిందండి" అన్నాడు. నేను ఆయనకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

మత్తు దిగాక అమ్మని అడిగాను, చూశావా దాన్ని అని.

"లోపలికి తీసుకెళ్ళేటప్పుడు చూశా. కళ్ళు లేవే దానికి. ఒట్టి చెయ్యి. దానికీ పైనుంచి కిందిదాకా కవరు తొడిగారు. ఎవరో శ్రద్ధగానే తొడిగారు, ఎక్కడా ముడత లేదు."

"నోరు కడిగారా అని అడగలేదా?"

"అడక్కుండా ఉంటానా? అంతా కడిగే తెచ్చామమ్మా అంది ఆ నర్సమ్మ." కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. "దాని పక్కన మనిషున్నాడు. మర ఒకటే అయితే భయపడాలి. మర, మనిషి ఉన్నారు."

నా చిన్నప్పుడు నా కథ పేరు చదివినట్టే అమ్మ ఇప్పుడూ విడదీసి పలికింది. ఇన్నేళ్ళూ తప్పు చదివిందనుకున్నాను. నా కథలన్నిటిలోంచి ఆ రెండో మాటని, మనిషిని, వెళ్ళగొట్టింది నేనే. శాస్త్రవేత్త చచ్చిపోతాడు, ఊరు పారిపోతుంది, ఇనుము ఒక్కటే మిగులుతుంది. అప్పుడు భయం కాక ఏం మిగులుతుంది?

నొప్పి అమ్మని బాగానే ఏడిపించింది. కనిగిరామె చెప్పినట్టే. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేయగలిగిన పొద్దున, నర్సు గుమ్మంలోకి వచ్చి, రేపు ఆపరేషన్ ఉన్న ఒకాయన మిమ్మల్ని చూడాలంటున్నాడు అంది. అమ్మ నన్ను చెయ్యి పట్టుకోనివ్వలేదు. వరండాలో ఆయన ముందు నడిచి చూపించి, "నొప్పి ఉంటదయ్యా. లేదని చెబితే నమ్మమాక" అంది.

నా మొక్కు నేను తీర్చుకున్నాను. సాయంత్రం పనయ్యాక ఒక పిల్ల తన మరమనిషిని తుడిచి దుప్పటి కప్పే కథ రాశాను. వాడు చివరిదాకా ఎదురు తిరగడు. పత్రిక సంపాదకుడు చదివి, బాగుంది గానీ చివర్లో మలుపు లేదండీ అన్నాడు. ఉండదు, వేసుకుంటే వేసుకోండి అన్నాను. వేసుకున్నాడు, పాపం.

ఈ ఎండాకాలం మర తెరిచాం. అమ్మే చీర తీసి దులిపింది. సాంబ్రాణి వేసింది. గుప్పెడు నూకలు పోసి మోటారు వేస్తే, ఏడాది మూగనోము పట్టిన మర ఒకసారి దగ్గి తిరగడం మొదలుపెట్టింది. వాకిట్లో అప్పటికే సంచులు వచ్చాయి. అమ్మ దిమ్మె ముందు నిలబడింది. నేను పక్కనే చేతులు చాపి నిలబడ్డాను. డాక్టరు చెప్పినట్టు మంచి కాలు, ఎడమది, ముందు వేసి ఒక మెట్టు ఎక్కింది. ఆగింది. రెండో మెట్టు ఎక్కింది. అక్కడ నిటారుగా నిలబడి మా అందరి వైపూ చూసింది.

వరసలో మొదటామె సంచి నెత్తిన పెట్టుకునే ఉంది. ఏడాదిగా ఆ మర తిరగలేదని ఊరందరికీ తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది?

"ముందు ఎవరిది ఆడించావు పిన్నీ?" అంది.

అమ్మ కుడి మోకాలి మీద అరచేత్తో ఒకటి చరిచింది.

"నాది. బాగానే వచ్చింది. పొయ్యి నీ కాయలు."